ఒప్పుకున్నంత మేరకే

ఓబులదేవరచెరువు చుట్టుపక్కల పల్లెల్లో పిల్లలు పుట్టకుండా చూసుకునే బాధ్యత ఆడమనిషిదే. ఇద్దరు బిడ్డలు కలిగాక కదిరికో హిందూపురానికో పోయి ఆపరేషన్ చేయించుకుని వస్తుంది, అంతటితో ఆ మాట సరి. చాలామందికి అది ఇరవైల్లోనే అయిపోతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019-21) చూస్తే, ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మధ్య పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది ఈ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. దేశం మొత్తం మీద ఆ లెక్క 38 శాతం. కండోమ్ మీద ఆధారపడే జంటలు మన రాష్ట్రంలో నూటికి ఒకటి కూడా లేవు. మగవాళ్ల ఆపరేషన్ సంగతీ అంతే. 1968 నుంచి ప్రభుత్వం నిరోధ్ పంచుతూనే ఉంది, గోడల మీద ఎర్ర త్రికోణం గీస్తూనే వచ్చింది. అయినా మొగుడూ పెళ్లామూ కూర్చుని మాట్లాడుకోవలసిన విషయంగా అది మన ఇళ్లలోకి రాలేదు. నర్సమ్మ చెప్పేది, అత్తగారు ఎప్పుడన్నది నిర్ణయించేది, కోడలు పోయి మంచమెక్కేది.

ఆ ఇళ్లలో పుట్టిన పిల్లలు ఇప్పుడు బెంగళూరులో, డల్లాస్‌లో, టొరంటోలో, మెల్‌బోర్న్‌లో ఉన్నారు. చదువుకునే రోజుల్లో స్నేహాలున్నాయి. పెళ్లయ్యాక రెండు మూడేళ్లు బిడ్డలు వద్దనుకోవడం ఉంది. వాళ్ల జీవితాల్లో ఆపరేషన్ స్థానంలోకి కండోమ్ వచ్చింది. అది ధరించేది మగవాడు. అతను మాట మీద నిలబడితేనే ఆమెకు రక్షణ. పండుగ ఫోటోలు, పిల్లల బొమ్మలు అచ్చేసే సంచికలో ఈ విషయమెందుకని కొందరికి అనిపించవచ్చు. మన ఇళ్లలో ఎవరూ చెప్పని మాట ఇది. చెప్పకుండానే మనం పిల్లల్ని విమానమెక్కిస్తున్నాం కాబట్టి ఇక్కడే రాయాలనుకున్నాను.

విషయం ఇది. కండోమ్ ఉంటేనే, అని ఆమె అంది. అతను సరేనన్నాడు. మధ్యలో ఆమెకు తెలియకుండా తీసేశాడు, లేదా ముందే దానికి చిల్లు పెట్టాడు. ఇప్పుడు దీన్ని స్టెల్తింగ్ అంటున్నారు. అమెరికాలో న్యాయశాస్త్రం చదివిన అలెగ్జాండ్రా బ్రాడ్‌స్కీ 2017లో దీని మీద ఒక పరిశోధన వ్యాసం రాసింది. అనుభవించినవాళ్లతో మాట్లాడి రాసిన వ్యాసం అది. వాళ్లు చెప్పినవి రెండు బాధలు. మొదటిది కడుపు వస్తుందేమో, రోగం అంటుతుందేమో అన్న భయం. రెండోది, నమ్మిన మనిషి తన మాటను తుడిచిపెట్టి తన ఒంటి మీద తనకు నచ్చినట్టు చేశాడన్న గాయం. చాలామందికి ఇది నేరమో కాదో కూడా తెలియలేదు. పక్కన చేరడానికి ఒప్పుకున్నది తామే కదా, ఇక ఎవరికి చెప్పుకోవాలి అనుకున్నారు.

ఆ సందేహాన్ని తీర్చిన తీర్పు కెనడా నుంచి వచ్చింది. బ్రిటిష్ కొలంబియాలో 2017లో ఒకామె కండోమ్ లేనిదే కుదరదని ఒకతనికి ముందే చెప్పింది. మొదటిసారి అతను వాడాడు. అదే రాత్రి రెండోసారి మంచం పక్క బల్లవైపు తిరిగితే, దానికోసమే అనుకుంది. వాడలేదని తర్వాత తెలిసింది. ఆమె ఆ పనికి ఒప్పుకుంది కాబట్టి కేసు లేదని కింది కోర్టు అతన్ని వదిలేసింది. కేసు పైకి పోయింది. 2022 జూలై 29న కెనడా సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో, జస్టిస్ షీలా మార్టిన్ రాసిన తీర్పులో, తేల్చి చెప్పింది: కండోమ్‌తో కలవడం ఒక పని, లేకుండా కలవడం వేరే పని. మొదటిదానికి ఒప్పుకున్న మనిషి రెండోదానికి ఒప్పుకున్నట్టు కాదు. ఇందులో లాయర్లకు మాత్రమే అర్థమయ్యే చిక్కేమీ లేదు. పదివేలకు ప్రాంసరీ నోటు మీద సంతకం చేయించుకుని తర్వాత ఒక సున్నా చేరిస్తే, సంతకం నీదే కదా అని ఏ పెద్దమనిషీ పంచాయితీ చెప్పడు.

మనవాళ్లు ఎక్కువగా ఉన్న మరికొన్ని చోట్ల కూడా చట్టం కదిలింది. కాలిఫోర్నియా 2021 అక్టోబరులో సివిల్ చట్టాన్ని సవరించి, అలా తీసేసినవాడి మీద నష్టపరిహారానికి దావా వేసే హక్కు ఇచ్చింది. అమెరికాలో అలా చేసిన మొదటి రాష్ట్రం అదే. ఆ నెలలోనే ఆస్ట్రేలియాలో కాన్‌బెర్రా ఉన్న రాజధాని ప్రాంతం దీన్ని నేరంగా పేర్కొంది. సింగపూర్‌లో 2020 జనవరి నుంచి, రక్షణ సాధనం విషయంలో మోసం చేసి కలవడం శిక్షాస్మృతిలోనే నేరం. న్యూజిలాండ్‌లోని వెల్లింగ్‌టన్‌లో 2021లో ఒకతనికి మూడేళ్ల తొమ్మిది నెలల జైలు పడింది. అక్కడ దానికి కొత్త చట్టం కూడా అవసరం కాలేదు, అత్యాచార నేరం కిందనే శిక్ష వేశారు.

ఇదంతా పరాయి దేశాల సంగతి, మన దగ్గర ఇలాంటి ఆలోచన ఎప్పుడుందని అనేవాళ్లుంటారు. వాళ్లకు మన పక్క జిల్లా కడపలో మొదలైన ఒక కేసు గుర్తు చేయాలి. సినిమా నటి సరితకు బడి చదువు రోజుల్లోనే, 1975 డిసెంబరులో, తిరుమలలో తనతో పెళ్లయిందంటూ ఒకతను కడప సబ్‌కోర్టుకు వెళ్లాడు. ఇద్దరూ కలిసి బతికింది లేదు, పెళ్లి జరిగిందన్న వెంటనే విడిపోయి ఏళ్లు గడిచాయి. హిందూ వివాహ చట్టం సెక్షన్ 9 కింద ఆమెను తనతో కాపురానికి పంపించాలని అతను కోరాడు. ఆ వివాదం ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు చేరింది.

1983 జూలైలో జస్టిస్ పి.ఎ. చౌదరి ఇచ్చిన తీర్పు చదివితే ఇప్పటికీ ఒళ్లు ఝల్లుమంటుంది. కాపురానికి పొమ్మని కోర్టు ఆదేశిస్తే జరిగేదేమిటని ఆయన నేరుగా అడిగారు. మనసుకు నచ్చని మనిషితో పడుకోవాలా వద్దా అన్న నిర్ణయం ఆమె చేతిలోంచి రాజ్యం చేతికి పోతుంది. దాని ఫలితంగా ఇష్టం లేని గర్భం మోయవలసింది ఆమె. బిడ్డను ఎప్పుడు, ఎలా, ఎవరివల్ల కనాలన్నది ఆమె ఒంటికీ మనసుకీ సంబంధించిన ఆంతరంగిక విషయం, అందులోకి వచ్చే హక్కు రాజ్యానికి లేదు. మాటవరసకు ఈ సెక్షన్ ఆలుమగలిద్దరికీ సమానమే అయినా, గర్భం వచ్చేది ఒకరికే కాబట్టి బరువంతా ఆడదాని మీదే పడుతుందనీ ఆయన గుర్తించారు. సెక్షన్ 9 రాజ్యాంగ విరుద్ధమని కొట్టేశారు. ఆంతరంగిక జీవితం ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులు చెప్పడానికి ముప్పై నాలుగేళ్ల ముందు సంగతి ఇది!

ఆ తీర్పు నిలబడలేదు. భార్యాభర్తల మధ్యకు రాజ్యాంగాన్ని తేవడం తగదని ఢిల్లీ హైకోర్టు దానికి విరుద్ధంగా చెప్పింది. 1984 ఆగస్టులో సరోజ్ రాణి కేసులో సుప్రీంకోర్టు ఢిల్లీ మాటనే ఒప్పుకుంది. సెక్షన్ 9 ఇప్పటికీ పుస్తకంలో ఉంది, దాన్ని సవాలు చేస్తూ 2019లో వేసిన పిటిషన్ సుప్రీంకోర్టు ముందు ఉంది. చౌదరి గారు ఓడిపోయారని నేను అనుకోను. 2017లో ఆ తొమ్మిదిమంది న్యాయమూర్తుల పుట్టస్వామి తీర్పు వచ్చాక ఆయన తర్కమే సరైనదని చాలామంది న్యాయకోవిదులు మళ్లీ ఆ పేజీలు తెరిచారు. కడపలో మొదలైన వాదన అంత దూరం పోయిందని రాయలసీమ పిల్లలకు బడిలో ఎవరూ చెప్పరు. అది నాకు బాధే.

ఇప్పటి మన చట్టంలో స్టెల్తింగ్‌కు విడిగా పేరు లేదు. అయితే దారి అసలే లేదనడం కూడా తప్పు. నిర్భయ ఘటన తర్వాత, 2013లో సమ్మతికి చట్టం ఒక నిర్వచనం ఇచ్చింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 63లోనూ అదే కొనసాగింది. మాటతోనో సైగతోనో ఆమె స్పష్టంగా, తన ఇష్టంతో, ఫలానా చర్యకు ఒప్పుకోవాలి. ‘ఫలానా’ అన్నది అందులో కీలకం. ఎదురు తిరగలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే అనడానికి వీల్లేదని కూడా అక్కడే రాసి ఉంది. సెక్షన్ 28 ప్రకారం వాస్తవాన్ని తప్పుగా నమ్మించి తీసుకున్న సమ్మతి సమ్మతి కాదు. పెళ్లాడతానని మొదటినుంచీ అబద్ధం చెప్పి లోబరచుకున్న ఒక ఆంధ్రప్రదేశ్ కేసులో 2006లో సుప్రీంకోర్టు ఈ సూత్రం మీదే శిక్షను సమర్థించింది. కండోమ్ విషయంలో చేసిన మోసానికి దాన్ని వర్తింపజేయకూడదనడానికి నాకు కారణం కనబడదు.

గోడ వచ్చేది పెళ్లి దగ్గర. భార్యకు 18 ఏళ్లు నిండి ఉంటే భర్త చేసింది అత్యాచారం కాదనే మినహాయింపు సెక్షన్ 63లో అలాగే ఉంది. 2022 మార్చిలో కర్ణాటక హైకోర్టులో జస్టిస్ ఎం. నాగప్రసన్న ఒక భర్త మీద ఆ అభియోగాన్ని కొట్టేయడానికి నిరాకరించారు. ఆ మే నెలలో ఢిల్లీ హైకోర్టులో ఇద్దరు జడ్జీలు చెరో మాట చెప్పారు. 2024 అక్టోబరులో కేంద్రం మినహాయింపు ఉండాలనే సుప్రీంకోర్టుకు చెప్పింది. ఈలోగా భార్యకు మిగిలింది 2005 నాటి గృహహింస చట్టం. లైంగిక హింస అందులో ఉంది, రక్షణ ఉత్తర్వులు తెచ్చుకోవచ్చు.

మన ఊళ్లనుంచి పెళ్లి చేసుకుని వెళ్లిన అబ్బాయిలు కొందరు ఈ మినహాయింపును కూడా సూట్‌కేసులో పెట్టుకుని పోతున్నామనుకుంటారు. అది ఎయిర్‌పోర్టు దాటదు. కెనడా 1983లో, ఇంగ్లండ్ 1991లో దాన్ని వదిలేశాయి. అమెరికాలో 1993 నాటికి అన్ని రాష్ట్రాల్లోనూ భార్య మీద అత్యాచారం నేరమైంది. డిపెండెంట్ వీసా మీద వెళ్లిన అమ్మాయికి ఇది తెలియాలి. ఫిర్యాదు చేస్తే వీసా పోతుందని, ఇండియాకు పంపేస్తారని బెదిరించడం ఎక్కువగా వినబడే మాట. కొన్ని నేరాల బాధితులు పోలీసులకు సహకరిస్తే భర్త వీసాతో నిమిత్తం లేకుండా దరఖాస్తు చేసుకునే యూ-వీసాను అమెరికా 2000లోనే తెచ్చింది.

బిడ్డ కోసం అత్తమామలు తొందరపెడుతున్నారని భార్యకు చెప్పకుండా కండోమ్ మానేయడం, ఆమె మాత్రలు పారేయడం కూడా ఈ కోవలోవే. మాత్ర వేసుకుంటున్నానని ఆడమనిషి అబద్ధం చెప్పినా మగవాడికి జరిగేది అన్యాయమే, ఆ మాటా చెప్పాలి. కానీ కడుపు, కాన్పు, అబార్షన్ ఎవరి ఒంటి మీద జరుగుతాయో మరచిపోయి రెంటినీ ఒకే తక్కెడలో పెట్టలేం.

రోగం మాటకొస్తే, ధర్మవరం దగ్గర బత్తలపల్లిలో ఆర్డీటీ ఆసుపత్రి ఉంది. విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురంలో మొదలుపెట్టిన సంస్థది. జిల్లాలో హెచ్ఐవీ ఉన్నవాళ్లకు ఏళ్ల తరబడి వైద్యం అందించిన చోటు. మన దేశంలో హెచ్ఐవీ సోకిన ఆడవాళ్లలో ఎక్కువమందికి అది వచ్చింది భర్తనుంచే. కండోమ్ అడిగితే నన్ను అనుమానిస్తున్నావా అనే ప్రశ్న వస్తుందని అడగనివాళ్లు వాళ్లు. అడిగి, ఒప్పించి, ఆపైన మోసపోవడం ఇప్పటి తరం కష్టం.

అలా జరిగినప్పుడు గడియారం ముఖ్యం. గర్భం రాకుండా అత్యవసర మాత్ర 72 గంటల్లోపు వేసుకోవాలి, ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది. మన దగ్గర మందుల షాపులో చీటీ లేకుండా దొరుకుతుంది, ఆశా కార్యకర్త దగ్గరా ఉంటుంది. కాపర్-టి ఐదు రోజుల వరకూ పనిచేస్తుంది. హెచ్ఐవీ అనుమానముంటే 72 గంటల్లోపు మందులు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. ఫిర్యాదు ఇవ్వాలా వద్దా అన్నది తర్వాత తేల్చుకోవచ్చు, అవతలివాడి మెసేజులు మాత్రం చెరిపేయవద్దు. మన దేశంలో మహిళా హెల్ప్‌లైన్ 181.

అప్పటికే నెల తప్పితే, 2021లో సవరించిన గర్భవిచ్ఛిత్తి చట్టం గర్భనిరోధక సాధనం విఫలమైన సందర్భాన్ని పెళ్లి కానివాళ్లకూ వర్తింపజేసింది. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసి, ఈ చట్టం మట్టుకు భర్త బలవంతం వల్ల వచ్చిన గర్భాన్నీ అత్యాచారం వల్ల వచ్చినదిగానే చూడాలంది. ఆసుపత్రుల్లో మాత్రం ఇప్పటికీ భర్త సంతకం తెమ్మంటారు. 18 ఏళ్లు నిండిన ఆడమనిషికి అబార్షన్‌కైనా, కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కైనా భర్త సంతకం చట్టప్రకారం అక్కర్లేదు. అడిగితే ఈ మాట చెప్పండి. ఊళ్లో మీ చెల్లెలికీ మరదలికీ కూడా ఫోన్ చేసి చెప్పండి.