పాత జీపు కొంటున్నారా? ముందు దాని కింద పడుకుని చూడండి

పార్వతీపురం నుంచి మాట్లాడుతున్నాను. ఈ ఎపిసోడ్‌లో మ్యాటర్ ఏంటంటే, పాత ఫోర్ బై ఫోర్ జీపు ఒకటి కొని, బాగు చేయించి, శనివారం రాత్రి కొండ మీద టెంటు, ఆదివారం పొద్దున్న సముద్రంలో సర్ఫింగ్. మన ఊరి నుంచి ఇది నిజంగా కుదిరే పనే. ఇటు కురుపాం, గుమ్మలక్ష్మీపురం కొండలు పక్కనే. అటు భీమిలి, రుషికొండ బీచ్‌లు పొద్దున్నే బయల్దేరితే టిఫిన్ టైమ్‌కి చేరిపోయే దూరం.

రీల్స్‌లో మీకు కనిపించేది చివరి ముప్పై సెకన్లు. మ్యాట్ పెయింటు, లావు టైర్లు, బానెట్ మీద లైట్ల వరస. నేను ఇవాళ మాట్లాడేది కెమెరాకి కనపడని మూడింటి గురించి: కాగితాలు, ఛాసిస్, బ్రేకులు. మీ దగ్గర ఉన్న ప్రతి పది రూపాయల్లో ఆరు ఈ మూడింటికే పోవాలి అనేది నా లెక్క. మిగిలిన నాలుగుతో లైట్లు పెట్టుకుంటారో, టెంటు కొనుక్కుంటారో మీ ఇష్టం.

అసలు జీపే ఎందుకు? మన ఏజెన్సీలో సంత రోజున గమనించండి. కమాండర్ జీపు లోపల ఎంతమందో, పైన అన్ని మూటలు. గూడల వాళ్లకి అది బస్సు, లారీ, ఒక్కోసారి అంబులెన్సు. అందుకే ఈ బళ్లకి మన వైపు మేస్త్రీలు ఇంకా ఉన్నారు. సాలూరు సంగతి మీకు తెలుసు, లారీల ఊరు. కమాను పట్టీలు, వెల్డింగు, టింకరింగు, లేత్ పని అన్నీ అక్కడ దొరుకుతాయి. పెద్ద సిటీలో "రెస్టోరేషన్" అని బోర్డు పెట్టి చేసే పనిలో సగం సాలూరు షెడ్డులో రోజూ జరిగే పనే. కాకపోతే అక్కడ ఏసీ వెయిటింగ్ రూమ్ ఉండదు, బెంచీ ఉంటుంది.

కొంచెం చరిత్ర. 1947లో మహీంద్రా వాళ్లు అమెరికా విల్లీస్ కంపెనీ జీపులు 75 తెప్పించి, ఇక్కడ బిగించి అమ్మారు. అక్కడ మొదలైంది కథ. తర్వాత సీజే 3బీ, 1980ల్లో ఎం.ఎం. 540 వచ్చాయి. 540లో వేసింది ప్యూజో డీజిల్ ఇంజను, 2112 సీసీ, 62 హార్స్‌పవర్. మీ ఫ్రెండ్ కొత్త కారు పక్కన ఆ నంబరు నవ్వులాటగా ఉంటుంది. కానీ కొండ ఎక్కడానికి కావాల్సింది స్పీడు కాదు, నెమ్మదిగా లాగే బలం. ఇంకో దారి మారుతి జిప్సీ. 1985లో 970 సీసీతో వచ్చింది, 1996లో 1298 సీసీ జిప్సీ కింగ్ అయింది. పెట్రోలు, తేలిక బండి.

ఇక్కడ చాలామంది బోల్తా పడే పాయింటు ఒకటి ఉంది. ముఖం జీపులా ఉన్నంత మాత్రాన అది ఫోర్ బై ఫోర్ కాదు. మన రోడ్ల మీద తిరిగే కమాండర్లలో ఎక్కువ భాగం వెనక చక్రాలు మాత్రమే లాగేవి. టైటిల్లో కింద పడుకోండి అన్నది ఇందుకే. ముందు ఇరుసుకి డిఫరెన్షియల్ ఉబ్బు ఉందా, దానికి గేర్‌బాక్స్ వైపు నుంచి షాఫ్ట్ వచ్చిందా చూడండి. లేకపోతే "తర్వాత వేయించుకోవచ్చు బాబూ" అనే మాట నమ్మొద్దు.

ఎందుకు నమ్మొద్దంటే, చట్టం. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ మారిపోయేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగానే చెప్పింది. ఇంజను పాడైతే అదే రకం ఇంజను వేసుకోవచ్చు, అది కూడా ఆర్టీవో పర్మిషన్‌తో. కాబట్టి బేరం మొదలుపెట్టే ముందే సీ-బుక్కులో ఉన్న ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు బండి మీద ఉన్న నంబర్లతో కలిపి చూడండి. ఒక్క అంకె తేడా వచ్చినా బయటికి వచ్చేయండి. బండి ఎంత ముద్దొచ్చినా సరే. ఆర్మీ వేలంలో పోయిన జిప్సీలైతే, వేలం కాగితాలు మొదటి కొనుగోలుదారు నుంచి మీ దాకా వరసగా ఉండాలి.

ఏపీ 35 బండి అయితే మన విజయనగరం సిరీస్. రాయగడ, కోరాపుట్ నుంచి ఒడిశా బండి తెస్తే అక్కడి ఎన్‌ఓసీ, ఇక్కడి లైఫ్ ట్యాక్సు లెక్కలో వేసుకోవాలి. పదిహేనేళ్లు దాటిన బండికి ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. ఆ ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 అయింది. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటిన వాటికి 10,000 చేశారు. "మా తాత జీపు, వింటేజ్ చేయించేస్తా" అంటారు కొందరు. 2021 రూల్స్ ప్రకారం యాభై ఏళ్లు దాటితే ఆ నంబరు వస్తుంది, నిజమే. కానీ ఆ నంబరుతో రోజువారీ తిరగకూడదు. క్యాంపింగ్‌కి పనికిరాదు.

కాగితాలు ఓకే అయితే ఛాసిస్. ఈ బళ్లకి ఛాసిస్ అంటే నిచ్చెన లాంటి ఇనుప ఫ్రేము, బాడీ దాని మీద కూర్చుంటుంది. బాడీ రేకు తుప్పు పడితే కోసి కొత్తది వేయొచ్చు. ఛాసిస్ తుప్పు పడితే అసలు పనే అక్కడ. చిన్న సుత్తి తీసుకెళ్లండి. కమాను పట్టీలు తగిలించిన చోట, బాడీ బోల్టుల దగ్గర తట్టండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నది డబ్ మంటుంది. కింద అంతా కొత్తగా నల్ల కోటింగు కొట్టి ఉంటే సంతోషపడొద్దు, అనుమానపడండి. తుప్పు మీద కోటింగు వేస్తే తడి లోపలే ఉండి ఇంకా తినేస్తుంది.

ఇప్పుడు బ్రేకులు. దీని మీద కొంచెం ఎక్కువ టైమ్ తీసుకుంటాను, ఎందుకంటే సాలూరు, సుంకి మధ్య ఘాట్ దిగేటప్పుడు ఇది ప్రాణం సంగతి. పాత జీపులకి నాలుగు చక్రాలకీ డ్రమ్ములే. బాగా పాత మోడళ్లలో నాలుగింటికీ కలిపి ఒకటే బ్రేక్ ఆయిల్ లైను. ఎక్కడ ఒక్క చుక్క కారినా నాలుగూ పోతాయి. మా సాఫ్ట్‌వేర్ వాళ్లు దీన్నే సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అంటారు. అక్కడైతే సర్వర్ రీస్టార్ట్ చేస్తాం, ఇక్కడ కింద లోయ ఉంటుంది.

బ్రేక్ ఆయిల్ గాలిలో తడిని పీల్చుకుంటుంది. తడి చేరిన ఆయిల్ తక్కువ వేడికే మరుగుతుంది. ఘాట్ దిగేటప్పుడు అదే పనిగా బ్రేకు తొక్కితే డ్రమ్ములు కాలి, ఆయిల్‌లో బుడగలు లేచి, పెడలు నేలకి అంటుకుంటుంది. అందుకని బండి కొన్న రోజే పాత ఆయిల్ తీసేయండి. రబ్బరు గొట్టాలు, చక్రాల సిలిండర్లు, మాస్టర్ సిలిండర్ అన్నీ కొత్తవి వేయించి, డ్రమ్ములు లేత్ మీద పట్టించి, కొత్త లైనర్లు కొట్టించండి. దిగేటప్పుడు ఏ గేర్లో ఎక్కుతారో ఆ గేర్లోనే దిగండి. వాగు దాటాక డ్రమ్ముల్లో నీళ్లుంటాయి. కొంత దూరం బ్రేకు మీద లైట్‌గా కాలు పెట్టి నడిపితే ఆరిపోతాయి.

ఇంజను గురించి రెండు ముక్కలే. స్టార్టింగ్‌లో ఉండగా ఆయిల్ మూత తీయండి, పొగ బుసబుసమంటూ తన్నుకొస్తే రింగులు పోయినట్టు. ప్యూజో డీజిల్‌కి హీటర్ ప్లగ్గులు ఉంటాయి, అవి వీక్ అయితే డిసెంబరులో అరకు చలికి పొద్దున్న బండి లేవదు.

అప్‌గ్రేడ్‌ల దగ్గరికి వద్దాం. లావు టైర్ల పిచ్చి అందరికీ ఉంది, నాకూ ఉంది. లెక్క చూడండి. 28 అంగుళాల టైరు తీసి 31 వేస్తే, మీటరు 60 చూపించినప్పుడు మీరు నిజంగా 66లో ఉంటారు. స్టీరింగు బరువెక్కుతుంది, ఎక్కుడులో లాగుడు తగ్గుతుంది, బ్రేకు మీద భారం పెరుగుతుంది. కంపెనీ సైజులోనే మంచి గాడులున్న టైరు చాలు. లైట్లకి 55 వాట్ల బల్బులు రెండంటే 110 వాట్లు, 12 వోల్టుల మీద తొమ్మిది ఆంపియర్లకి పైనే. పాత స్విచ్చు గుండా అంత కరెంటు పంపితే వైరు కాలుతుంది. రిలే, ఫ్యూజు పెట్టించండి. ఫోర్ వీల్ గేరు తడి మట్టికి, ఇసుకకి మాత్రమే. పొడి తారు రోడ్డు మీద వేస్తే ముందు వెనక ఇరుసులు ఒకదాన్నొకటి మెలిపెట్టుకుంటాయి.

సర్ఫింగ్ నేర్చుకునేవాళ్ల ఫోమ్ బోర్డు ఎనిమిది తొమ్మిది అడుగులుంటుంది. సీజే 3బీ మొత్తం పొడవే దాదాపు 11 అడుగులు. బోర్డుని పైన హుడ్డు కమ్మీలకి ముందూ వెనకా రెండు చోట్ల పట్టీలతో కట్టండి. హైవే మీద గాలి దాన్ని రెక్కలా లేపుతుంది. పైన బోర్డు ఒక్కటే ఉండాలి. నీళ్ల క్యాను, స్టవ్వు, టూల్స్ అన్నీ కింద, సీట్ల వెనకాల. యాభై కేజీల రూఫ్ టెంటు పొట్టి జీపు నెత్తిన పెట్టి మలుపులు తిప్పడం నాకైతే నచ్చదు. నేల టెంటు హాయి. రిజర్వు ఫారెస్టులో అయితే అటవీ శాఖ పర్మిషన్ లేకుండా వేయొద్దు. గూడకి వెళ్లే దారిలో బండి అడ్డం పెట్టొద్దు, రాత్రి ఎవరికైనా ఆస్పత్రికి వెళ్లాలంటే అదొక్కటే దారి.

బీచ్‌లో బండి రోడ్డు మీదే ఆపండి. జనవరి నుంచి మార్చి దాకా మన తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రిపూట వచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి, చక్రం ఎక్కితే ఆ గూడు పోయినట్టే. మీ ఛాసిస్‌కీ ఉప్పు పడదు. ఇంటికి రాగానే, అలసటగా ఉన్నా సరే, మంచినీళ్ల పైపు పట్టుకుని ముందు కిందంతా కడగండి. కమాన్ల మధ్య, ఛాసిస్ లోపలి వైపు కూడా. బోర్డు తర్వాత కడుక్కోవచ్చు.