వికారాబాద్ రూట్లో 'వైన్' యాత్ర!

నాసిక్ వెళితే ద్రాక్షతోటలూ వైనరీలూ తిప్పి చూపించే గైడులుంటారు. మరి మన వికారాబాద్, తాండూరు వైపు? బోర్డు మీద 'వైన్స్' అని వుంటుంది, లోపల వైన్ కోసం వెతుక్కోవాలి! అయినా ఇక్కడా ఒక అసలు సిసలు వైనరీ వుంది. దానికి గోడల్లేవు, గేటు లేదు. పొలంగట్టు మీది ఈతచెట్టే వైనరీ, పైన కట్టిన లొట్టే పీపా!

సినిమాల్లో కల్లుపాక సీను మనకి కొత్తేం కాదు. ముంత ఎత్తగానే హీరోకి హుషారు, వెంటనే పాట! ఆ ముంత నింపడానికి ఎవరు ఎంత ఎత్తు ఎక్కారో మాత్రం కెమెరా చూపించదు. ఒక్కరోజు కేటాయిస్తే అది మీరే చూడొచ్చు.

తెల్లారకముందే బయల్దేరండి

హైదరాబాద్ నుంచి చేవెళ్ల మర్రిచెట్ల మీదుగా వికారాబాద్ సుమారు 75 కిలోమీటర్లు. చలికాలమైతే మేలు, అది ఈతకల్లు రోజులు. తాటిచెట్టు వంతు ఎండలు ముదిరాక. ఆలస్యం చేశారో, ఇంటర్వెల్ అయ్యాక హాల్లోకి వెళ్లినట్టే! ఎందుకంటారా? చెట్టు నుంచి కారేది తియ్యటి నీరా. ఈస్టు తగలగానే పులియడం మొదలు. పొద్దున తీపి, మధ్యాహ్నానికి ఘాటు, సాయంత్రానికి పులుపు. ఫ్రెంచి వైన్ ఏళ్ల తరబడి పీపాలో కూచుని పేరు తెచ్చుకుంటుంది. మన కల్లు వయసు పూటల్లోనే లెక్క!

ఇక్కడ గైడు ఎవరో తెలుసా? చెట్టెక్కే గౌడన్నే! నడుముకి మోకు, కాళ్లకి గుజి, వెనక ముస్తాదులో గీతకత్తి. "ఎన్నేండ్ల సంది గీస్తున్నరన్నా ఈ చెట్టును?" అని అడిగి చూడండి. కాండం మీద అటొకటి ఇటొకటి గాట్లు చూపిస్తాడు. ఏటేటా వైపు మార్చి గీస్తారు కాబట్టి, గాట్లు లెక్కబెడితే జవాబు అక్కడే వుంటుంది.

మోకు జారితే? హీరోకి డూపు వుంటాడు, గౌడన్నకి లేడు. 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వం 'కాటమయ్య రక్ష' పేరుతో గీత కార్మికులకి సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. కాటమయ్య వాళ్లు కొలిచే దేవుడు.

ఇక విలన్ ఎంట్రీ!

ఈ కథలో విలన్ పేరు కల్తీ. చెట్లు తక్కువై, గిరాకీ ఎక్కువైన చోట ఆల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలిపి 'కల్లు' తయారు చేస్తారు. 2021 జనవరిలో ఈ వికారాబాద్, నవాబుపేట మండలాల్లోనే కల్లు తాగి వందమందికి పైగా ఆస్పత్రి పాలయ్యారు. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు పలువురి ప్రాణాలు తీసింది. అందుకే ఒకటే సూత్రం: చెట్టు కనిపించని చోట ముంత ముట్టుకోవద్దు! అన్నట్టు, బండి నడిపేవారూ, ఇరవై ఒకటి నిండనివారూ చూసి ఆనందించడమే సుమా!

ఎండ ఎక్కాక అనంతగిరి అడవిలో సేదదీరండి. షూటింగులకి పేరుపడ్డ కొండలివి. అనంత పద్మనాభస్వామి కొలువైన ఈ కొండల్లోనే మూసీ పుట్టింది. అక్కణ్ణుంచి తాండూరు దాదాపు 40 కిలోమీటర్లు. దారిలో నేల రంగు మారుతుంది, కంది చేలు మొదలవుతాయి, ఊరు దగ్గర పడేసరికి పేర్చిన నాపరాళ్లు కనిపిస్తాయి. ఇక భోజనం... జొన్నరొట్టె, తాండూరు కందిపప్పు!

ఈ కందికి 2022లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఎక్కడ పండిందో చెప్పే ముద్ర అది. పాపం, కల్లుకి అలాంటి ముద్ర లేదు. చెట్టు మీది గాటూ, ఎక్కిన గౌడన్నా... అంతే దాని చిరునామా. తాగేవారు ముందు ఆ చిరునామా అడగాలి మరి!