మాత్ర మానకండి, మాతో చెప్పండి

"మా గుంటడి మెడ తిరిగిపోనాది బాబూ! ఈ మాత్రలొద్దు" అంటూ ఎచ్చెర్ల నుంచి ఒక తల్లి కొడుకుని తీసుకొచ్చింది. కుర్రాడికి ఇరవై దాటాయి. ఎవరో తిడుతున్నట్టు చెవిలో మాటలు వినబడుతున్నాయనీ, అన్నంలో మందు పెట్టారనీ అనేవాడు. హాలోపెరిడాల్ మాత్రలు మొదలుపెట్టిన మూడో రోజున మెడ ఒక పక్కకు బిగుసుకుపోయింది. కళ్ళు పైకి నిలిచిపోయాయి. గాలి సోకిందన్నారు ఇరుగుపొరుగు. ప్రోమెథజైన్ ఇంజక్షన్ ఇచ్చాం. అరగంటలో మెడ చక్కబడింది. అది గాలీ కాదు, ధూళీ కాదు. మందు తెచ్చిన ఇబ్బందే.

అసలీ మందు చేసే పని ఏమిటి? మెదడులోని కణాలు కొన్ని రసాయనాల ద్వారా ఒకదానికొకటి కబురందించుకుంటాయి. వాటిలో డోపమిన్ ఒకటి. ఈ జబ్బులో అది కొన్నిచోట్ల మితిమీరుతుంది. అప్పుడు లేని మాటలు వినబడతాయి, లేనిపోని అనుమానాలు పుడతాయి. 1952లో పారిస్‌లో క్లోర్‌ప్రొమజీన్‌తో మొదలైన ఈ తరగతి మందులు డోపమిన్ కబురు చేరే తలుపుల్ని మూస్తాయి. కానీ శరీరం కదలికల్ని అదుపుచేసేచోట కూడా డోపమినే కావాలి. అక్కడి తలుపులూ మూసుకుంటే బిగువు, వణుకు, ఒకచోట కూర్చోనివ్వని తహతహ వస్తాయి. మోతాదు తగ్గించో, మందు మార్చో, విరుగుడు మాత్ర చేర్చో వీటిని సరిచేయవచ్చు.

తరువాత వచ్చిన మందుల్లో ఈ బిగువు తక్కువే గాని, వాటి బాధలు వాటికున్నాయి. ఓలాంజపిన్‌తో ఆకలి, బరువు, రక్తంలో చక్కెర పెరగవచ్చు. రిస్పెరిడోన్‌తో కొందరు స్త్రీలకు నెలసరి తప్పుతుంది. దాన్ని గర్భమని పొరబడేవారూ ఉన్నారు. క్లోజపిన్ వాడేవారికి తెల్లకణాలు పడిపోయే ప్రమాదం ఉంది కనుక మొదట్లో వారం వారం రక్తపరీక్ష తప్పదు. ఏళ్ళ తరబడి వాడినవారికి పెదవులు, నాలుక వాటంతటవే కదులుతుంటే వెంటనే డాక్టరుకు చెప్పాలి. ఎండాకాలంలో ఒంటి వేడి అదుపు తప్పవచ్చు. నీళ్ళు బాగా తాగించండి, మిట్టమధ్యాహ్నం పొలానికి పంపకండి.

తీవ్రమైన జ్వరంతో ఒళ్ళు కొయ్యబారి, మనిషి అయోమయంగా మాట్లాడుతుంటే మాత్రం మరుసటి మాత్ర వేయక ఆ గంటలోనే ఆస్పత్రికి చేర్చండి. క్లోజపిన్ వాడేవారికి గొంతునొప్పి, జ్వరం వచ్చినా ఆలస్యం చేయరాదు.

ఇవన్నీ చదివి మాత్రలు గిరాటు వేయకండి. ఇవి మత్తుకు అలవాటుచేసే మందులు కావు. గుణం పూర్తిగా కనబడడానికి వారాలు పడుతుంది. నెమ్మదించాడు కదా అని హఠాత్తుగా మానేస్తే జబ్బు తిరగబెడుతుంది. ఎన్నాళ్ళు వాడాలన్నది, ఎప్పుడు ఎంత తగ్గించాలన్నది డాక్టరు చూసి చెప్పాలి.

ఆ కుర్రాడికి మందు మార్చాం. "మాటలు ఇంకా వినబడుతున్నాయి గాని మునుపటంత గట్టిగా లేవు" అన్నాడు నెల తరువాత. ఆ తల్లి మాత్రలు పారేసి భూతవైద్యుడి దగ్గరకు వెళ్ళకుండా మా దగ్గరకు రావడమే మేలు చేసింది. విశాఖపట్నం చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఊరు కదలలేనివారు 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ వారు రాత్రయినా పగలయినా ఉచితంగా సలహా చెబుతారు.