పక్షుల్ని అడిగితేనే తుపాకీ!

సూళ్లూరుపేటలో దిగి శ్రీహరికోట దారి పట్టారనుకోండి. ఊరు దాటిన కాసేపటికే రోడ్డుకి అటూ ఇటూ నీళ్లు. పులికాట్ సరస్సు! చలికాలమైతే దూరంగా నీళ్లమీద గులాబీరంగు గీత ఒకటి కనిపిస్తుంది. అది కదిలితేగానీ ఫ్లెమింగోలని తెలియదు. 2001లో ఫ్లెమింగో పండగ మొదలయ్యాక, కనీసం పేపర్లో బొమ్మయినా చూడనివాళ్లు ఉండరేమో. కానీ ఇక్కడివాళ్లలోనూ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఈ చుట్టుపక్కల ఎవరైనా కొత్తగా తుపాకీ లైసెన్సు తీసుకోవాలంటే... పక్షుల తరఫున కూడా ఒకరు 'సరే' అనాలి!

నమ్మబుద్ధి కావట్లేదా? 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 34వ సెక్షన్ చూడండి. అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపు కొత్త ఆయుధ లైసెన్సు ఇవ్వాలంటే ముందుగా చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ఒప్పుకోవాలి. అప్పటికే తుపాకీ ఉన్నవాళ్లు తమ పేరు ఆయన దగ్గర నమోదు చేయించుకోవాలి. ఇక అభయారణ్యం లోపలికి ఆయుధంతో వెళ్లాలంటే రాతపూర్వక అనుమతి తప్పనిసరి.

ఎందుకింత పట్టుదల? నేలపట్టుకు వెళ్తే తెలుస్తుంది. అక్కడ చెరువులోని నీటికడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు పెడతాయి. ఒక్క తుపాకీ మోత చాలు, గుంపు గుంపంతా లేచిపోతుంది. తల్లి లేచిన గూట్లో గుడ్లు ఎండకీ కాకులకీ వదిలేసినట్టే. అంటే, పిట్టకి గురి తప్పినా నష్టం తప్పదు. ఊరివాళ్లకు ఈ పక్షులంటే మహా ప్రేమ. రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పొలానికి ఎరువులాంటివి మరి.

మనుషుల్ని అడగరా?

అడుగుతారు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం ఇరవై ఒక్కేళ్లు నిండాలి. పోలీసులు విచారించి నివేదిక ఇవ్వాలి. 2016 నిబంధనలు వచ్చాక మానసికంగా, శారీరకంగా బాగున్నట్టు డాక్టరు సర్టిఫికెట్టు కావాలి. ఆయుధాన్ని ఇంట్లో భద్రంగా దాస్తానని హామీ రాసివ్వాలి. 2019 సవరణతో ఒక మనిషికి మూడు తుపాకుల పరిమితి రెండుకు తగ్గింది. పెళ్లి ఊరేగింపులో హుషారుగా గాల్లోకి పేల్చి పక్కవాళ్ల ప్రాణం మీదికి తెస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదంటే రెండూ!

'ఇంత తిప్పటా?' అని విసుక్కునేవాళ్లు ఉన్నారు. 'ఇదంతా తెల్లవాడి చట్టమండీ' అనేవాళ్లూ ఉన్నారు. అందులో సగం నిజమే. 1878 చట్టం మనవాళ్లకు లైసెన్సు పెట్టి, తెల్లవాళ్లను వదిలేసింది. తర్వాత ఆ తేడా పోయింది. అడగడం మాత్రం అందరికీ మిగిలింది. మిగలాల్సిందే అనిపిస్తుంది నాకు.

రైతు బాధ వేరు. రాత్రికి రాత్రే వేరుశనగ చేలో అడవిపందుల మంద పడితే తెల్లారేసరికి దుక్కి దున్నినట్టే. అందుకే పంట కాపలాకి గొట్టంలో మందు కూరి పేల్చే తుపాకీకి లైసెన్సు ఇచ్చే వీలు చట్టంలోనే ఉంది. చిక్కల్లా లైసెన్సు లేని నాటు తుపాకీతోనే. దానికి నంబరుండదు, ఎక్కడ తయారైందో లెక్కుండదు. మందూ ఇనుప ముక్కలూ కడ్డీతో దట్టించి, చీకట్లో పొద కదిలిందని పేలుస్తారు. పొద వెనక పందే ఉందో, పక్క చేను రైతే ఉన్నాడో!

చేతికందితే...

మరి లైసెన్సుంటే అంతా క్షేమమేనా? 2020 డిసెంబరులో ఆదిలాబాద్‌లో ఏం జరిగిందో గుర్తుందా? పిల్లల క్రికెట్ దగ్గర రాజుకున్న తగవు లైసెన్సు తుపాకీ కాల్పుల దాకా వెళ్లింది. గాయపడినవాళ్లలో ఒకరు తర్వాత చనిపోయారు. ఇక మన పక్కనే, షార్‌లో, 2023 జనవరిలో భద్రతా దళ అధికారి ఒకరు సర్వీసు తుపాకీతో ప్రాణం తీసుకున్నారు. కారణాలేవైనా, శిక్షణ పొందిన మనిషి ఆయన. మనసు బాగోలేని వేళ ఆయుధం చేతికందేంత దూరంలో ఉండకూడదన్న మాట యూనిఫాంలో ఉన్నవాళ్లకూ వర్తిస్తుంది. (అలాంటి దిగులున్నవాళ్లు 14416కు ఫోన్ చేయొచ్చు. టెలీ మానస్, ఉచితం.)

ఇప్పుడు మన పిల్లలు వెళ్తున్న అమెరికా సంగతి. స్మాల్ ఆర్మ్స్ సర్వే 2017 అంచనా ప్రకారం అక్కడ వందమందికి 120 తుపాకులు. మన దగ్గర అయిదో ఆరో. అక్కడా లైసెన్సున్న దుకాణంలో కొంటే నేరచరిత్ర చూస్తారు. చాలా రాష్ట్రాల్లో మాత్రం ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరు నేరుగా కొనుక్కుంటే అదీ అక్కర్లేదు. స్టూడెంట్ వీసా వాళ్లకి తుపాకీ కూడదని చట్టం, వేట లైసెన్సుంటే ఫర్వాలేదని మినహాయింపు! 2024 నవంబరులో అట్లాంటాలో తెలంగాణ విద్యార్థి ఒకరు పుట్టినరోజు నాడే తన వేట తుపాకీ శుభ్రం చేస్తూ, అది పేలి చనిపోయాడు. కాల్చింది శత్రువూ కాదు, దొంగా కాదు.

అటక మీద ఉందా?

ఇది చదువుతున్న కొన్ని ఇళ్లల్లో తాతగారి తుపాకీ అటక మీదో బీరువా వెనకో ఉండే ఉంటుంది. తాతగారు పోయారు, లైసెన్సు ఆయన పేరునే ఉంది. వారసత్వం కదా అని అలా ఉంచేయడం కుదరదు. లైసెన్సుదారు చనిపోతే ఆయుధాన్ని వెంటనే పోలీస్‌స్టేషన్లోగానీ లైసెన్సున్న డీలరు దగ్గరగానీ జమచేయాలి. తర్వాత కావాలనుకుంటే వారసులు తమ పేరున లైసెన్సుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఎన్నికలప్పుడు స్టేషన్లో తుపాకీ అప్పగించి వచ్చినవాళ్లకు ఈ జమ కొత్తేం కాదు. పులికాట్ పక్క పల్లెవాళ్లయితే ఇంకో కాగితం ఉంటుంది, వార్డెన్ గారిది. స్టేషన్‌కి వెళ్లేటప్పుడు పాత లైసెన్సు పుస్తకం తీసుకెళ్లండి. జమచేశాక రసీదు అడిగి తీసుకోండి.