కంప్యూటరు కొయ్యబారితే?

సాయంకాలం ఆరు గంటలైంది. రేపు బడిలో ఇవ్వవలసిన వ్యాసం కంప్యూటరులోనే ఉన్నది. కాని తెరమీద చుక్కలు గుండ్రంగా తిరుగుతున్నాయి. వాటి కింద నూటికి 30 వంతులు పని అయిందనీ, కంప్యూటరును ఆపవద్దనీ రాసి ఉన్నది. గంట గడిచినా 30 కాస్తా 31 కాలేదు. చుక్కలు కూడా నిలిచిపోయాయి. తమ్ముడు వెళ్ళి ప్లగ్గు మీద చెయ్యి వేశాడు.

వాణ్ణి ఆగమనండి! ముందు లోపల ఏం జరుగుతున్నదో చూద్దాం.

మీరు ఆటలాడినా, బొమ్మలు వేసినా వెనుకనుంచి ఆ పనులన్నిటినీ నడిపించే పెద్ద ప్రోగ్రాము ఒకటి ఉంటుంది. దానిని ఆపరేటింగ్ సిస్టం అంటారు. విండోస్ అలాంటిదే. అందులో వేలకొద్దీ ఫైళ్ళున్నాయి. దొంగలు దూరడానికి వీలైన కంతలు వాటిలో అప్పుడప్పుడు బయటపడుతూ ఉంటాయి. వాటిని పూడ్చడానికి మైక్రోసాఫ్టువారు ప్రతి నెలా రెండవ మంగళవారంనాడు కొత్త ఫైళ్ళు విడుదల చేస్తారు. అప్పటికి మన దేశంలో బాగా రాత్రి అవుతుంది. కాబట్టి అవి మనలో చాలామందికి బుధవారం గాని అందవు.

నడుస్తున్న బండికి చక్రం మార్చగలమా? ఇదీ అంతే. వాడుకలో ఉన్న ఫైళ్ళను మార్చడానికి వీలుండదు. అందుకే కంప్యూటరు ఒకసారి ఆగి, తిరిగి లేస్తూ, మనను లోపలికి రానివ్వకముందే ఆ మార్పిడి చేసుకుంటుంది. తెరమీది అంకె ఎంత పని అయిందో సుమారుగా చెబుతుందేగాని, ఇంకా ఎంతసేపు పడుతుందో చెప్పదు. దానిని చూసి గడియారం పెట్టుకునేవాడు మోసపోతాడు. పాత యంత్రాలలోని డిస్కు నిమిషానికి 5400 సార్లు తిరిగే పళ్ళెం. దాని మీద ఒక చిన్న చెయ్యి ఇటూ అటూ పరుగెత్తి ఒక్కొక్క ఫైలునూ వెతికి రాయాలి. ఆలస్యం కాక ఏమవుతుంది!

చాలా యంత్రాలకు ఒక చిన్న దీపం ఉంటుంది. డిస్కు పనిచేస్తున్నంతసేపూ అది మిణుకు మిణుకుమంటుంది. దీపం మినుకుతుంటే కదిలించకండి, రెండు మూడు గంటలైనా సరే. లాప్‌టాప్ అయితే ఛార్జరు పెట్టి ఉంచండి. రాస్తూ ఉండగా కరెంటు తీసేస్తే సగం రాసిన ఫైలు ఎందుకూ కొరగాదు.

దీపం కూడా మూగబోయి, గంటలతరబడి అంకె కదలకపోతే అప్పుడు పెద్దవాళ్ళను పిలవండి. ప్రింటరు, పెన్ డ్రైవు వంటివన్నీ ఊడదీసి, పవరు బొత్తాం పది సెకండ్లు అదిమి పట్టుకోవాలి. యంత్రం ఆగిపోతుంది. కాసేపాగి మళ్ళీ వెయ్యాలి. చాలాసార్లు అది ఆపినచోటినుంచి పని సాగిస్తుంది, లేదా మార్పులను రద్దు చేసుకొని పాత ఫైళ్ళనే తిరిగి పెట్టుకుంటుంది. ఆ రద్దు కూడా నెమ్మదే సుమా!

ఒకవేళ లేవకపోతే? వరుసగా రెండు మూడుసార్లు లేవలేకపోయిన విండోస్ తనంతట తానే మరమ్మతు తెర చూపిస్తుంది. అందులో స్టార్టప్ సెట్టింగ్స్‌కు వెళ్ళి 4 నొక్కితే సేఫ్ మోడ్ వస్తుంది. కొన్ని యంత్రాలు మధ్యలో 48 అంకెల తాళం అడుగుతాయి. అది సాధారణంగా నాన్నగారి మైక్రోసాఫ్టు ఖాతాలో దొరుకుతుంది. సేఫ్ మోడ్ అంటే అత్యవసరమైనవి మాత్రమే పెట్టుకొని లేవడం.

ఈ ఉపాయం ఒక యంత్రాన్ని అంగారకగ్రహం మీద కాపాడింది. 2004 జనవరి 21న అక్కడ తిరుగుతున్న స్పిరిట్ అనే బండి ఉన్నట్టుండి సరిగా పలకడం మానేసింది. దాని కంప్యూటరు లేస్తుంది, పడుతుంది, మళ్ళీ లేస్తుంది! ఇలా అరవైసార్లకు పైగా జరిగింది. రాత్రి నిద్రపోకపోవడంవల్ల బాటరీ కూడా తరిగిపోతున్నది. వెళ్ళి బాగుచేద్దామంటే పదికోట్ల మైళ్ళకు పైగా దూరం. ప్రయాణంలో పోగుపడినవాటితో కలిసి దాని జ్ఞాపకభాండారంలో ఫైళ్ళు మితిమీరిపోయాయనీ, లేచినప్పుడల్లా వాటిని చదవబోయి పడిపోతున్నదనీ కాలిఫోర్నియాలోని ఇంజనీర్లు ఊహించారు. ఆ భాండారం జోలికి పోకుండా లెమ్మని రేడియోలో ఆజ్ఞ పంపారు. స్పిరిట్ లేచింది! తరవాత ఫైళ్ళు తీసివేసి, భాండారాన్ని శుభ్రంచేసి దానిని మళ్ళీ పనిలో పెట్టారు. మూడు నెలలు పనిచేస్తే చాలనుకున్న ఆ బండి 2010 మార్చి వరకూ కబుర్లు పంపింది.

సరే, మన యంత్రం దగ్గరకు వద్దాం. సేఫ్ మోడ్‌లో లేవగానే వ్యాసాన్నీ, అమ్మమ్మ ఫోటోలనూ పెన్ డ్రైవులోకి ఎక్కించండి. మిగతావన్నీ తరవాత. ఆ పైన డిస్కులో ఎంత చోటు ఖాళీగా ఉన్నదో చూడండి. కొత్త ఫైళ్ళు దించుకోవడానికీ, పాతవాటిని దాచి ఉంచడానికీ చోటు చాలకపోతే అప్‌డేటు మళ్ళీ అక్కడే చతికిలబడుతుంది. సినిమాలూ, పెద్ద ఆటలూ కొన్ని తీసెయ్యక తప్పదు. ఏ ఆట తీయాలో మాత్రం తమ్ముణ్ణి అడిగి తియ్యండి. లేకపోతే మళ్ళీ ప్లగ్గు దగ్గరకు వెడతాడు!