దబ్బనం, హాక్సా బ్లేడు, తాడిపత్రి బండ: ఇంట్లో చేసుకున్న లెదర్ టూల్‌కిట్ ఎలా ఉందంటే...

ఇక్కడ మామూలుగా ఫోన్ల గురించో, ఇయర్‌బడ్స్ గురించో రివ్యూలు చదువుతుంటారు. ఈసారి గ్యాడ్జెట్లు కొంచెం వేరే రకం. వీటికి బాక్స్ లేదు, వారంటీ లేదు, ఛార్జింగ్ పెట్టే పని అసలే లేదు. ఫోన్ స్లీవ్, ఇయర్‌బడ్స్ పౌచ్, కేబుల్ పట్టీ లాంటివి తోలుతో సొంతంగా కుట్టుకోవడానికి నేను ఇంట్లో చేసుకున్న పనిముట్లు ఇవి. రెండు నెలలు వాడాక, ఏది పనికొస్తుందో ఏది పనికిరాదో రాస్తున్నా.

ఆన్‌లైన్‌లో లెదర్ క్రాఫ్ట్ కిట్ అని వెతికితే ముప్పై, నలభై పీసుల సెట్లు కనిపిస్తాయి. చూడ్డానికి భలే ఉంటాయి. కానీ ఒక ఫోన్ స్లీవ్ కుట్టడానికి కావాల్సినవి ఆరో ఏడో. పైగా ఆ టూల్స్ ఏ రకం తోలుకు సరిపోతాయో చాలాసార్లు ఆ పేజీలో ఉండదు. అసలు పాయింట్ అదే. ముందు తోలు, ఆ తర్వాతే టూల్. ఈ వరుస తెలిస్తే సగం కిట్ కొనక్కర్లేదు.

నిమ్మలకుంట నేర్పే పాఠం

ఈ మాట నా సొంతం కాదు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట అనే ఊరు ఉంది. ఒకప్పటి మా అనంతపురం జిల్లాలోదే, 2022లో జిల్లాలు విడిపోయాక శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది. ఇది తోలుబొమ్మల కళాకారుల ఊరు. ఇక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు జీఐ గుర్తింపు కూడా ఉంది.

తోలుబొమ్మను ఒకసారి టెక్ కళ్లతో చూడండి. మేక తోలును శుభ్రం చేసి, వెంట్రుకలు గీకేసి, లాగి కట్టి ఎండబెడతారు. చెప్పుల తోలులా పదును చేయరు. అందుకే అది మెత్తగా కాకుండా పల్చగా, బిర్రుగా, వెలుతురు దూరేలా తయారవుతుంది. దాని మీద బొమ్మ గీసి, రకరకాల మూతులున్న ఉలులతో చిన్న చిన్న చిల్లులు కొడతారు. హారాలు, కిరీటం, చీర అంచు అన్నీ ఆ చిల్లుల్లోంచి మెరిసే వెలుగే. తెల్లటి తెర, దాని వెనక దీపం, మధ్యలో రంగులద్దిన తోలు. మన ఫోన్‌లోని ఎల్‌సీడీ స్క్రీన్ లెక్క కూడా ఇంతే కదా: వెనక బ్యాక్‌లైట్, ముందు కలర్ ఫిల్టర్.

ఇప్పుడు టూల్ సంగతి. బిర్రుగా ఉన్న ఆ తోలు మీద ఉలి నిలబెట్టి ఒక్క దెబ్బ వేస్తే శుభ్రంగా తెగుతుంది. అదే ఉలిని మెత్తటి బ్యాగు తోలు మీద పెడితే, తోలు తెగకుండా కిందికి నొక్కుకుపోతుంది. ఉలి మారలేదు, తోలు మారింది. ఆట చూసే జనాన్ని సినిమా, టీవీ లాక్కుపోయాక ఈ కళాకారులు లాంప్ షేడ్లు, గోడకు తగిలించే బొమ్మల వైపు మళ్లారు. చేసే వస్తువు మారినా తోలు అదే, ఉలులతో చిల్లులు కొట్టే పని అదే.

ఈ కళ ఈ నేలకు ఎందుకు అంత సరిపోయిందో కూడా ఆలోచించండి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ మాత్రమే వాన పడే మెట్ట సీమ ఇది. వేరుశనగ పంట చేతికొస్తుందో రాదో తెలియని చోట గొర్రెలు, మేకలే ఇంటికి ఆసరా. కాబట్టి ఇక్కడ తోలుకు కొరత లేదు. గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఎండబెట్టడమూ తేలిక.

ముందు తోలును గుర్తుపట్టండి

పచ్చి తోలు బిగినర్స్‌కి వద్దు. వాసన, శ్రమ రెండూ ఎక్కువే. బ్యాగులు, చెప్పులు చేసేవాళ్ల దగ్గర కట్ పీసులు అడగండి. అక్కడ మీకు ముఖ్యంగా రెండు రకాలు ఎదురవుతాయి.

మొదటిది చెట్ల బెరడు, కాయలతో పదును చేసిన తోలు. మన గుట్టల మీద పచ్చగా పూసే తంగేడు ఉంది చూశారా, దాని బెరడు తరతరాలుగా ఈ పనికి వాడిందే. ఈ తోలు గట్టిగా ఉంటుంది, అంచులు నున్నగా తేలతాయి, తడిపి ముద్ర వేస్తే నిలుస్తుంది. రెండోది క్రోమియం లవణాలతో చేసిన తోలు. మెత్తగా ఉంటుంది, నీటిని కొంచెం బాగా తట్టుకుంటుంది, కానీ అంచు రుద్దితే నున్నబడదు. మార్కెట్లో ఎక్కువగా దొరికేది ఇదే.

తేడా పట్టడానికి రెండు టెస్టులు. తోలును కోసి లోపలి అంచు చూడండి. మధ్యలో నీలం కలిసిన బూడిద రంగు కనిపిస్తే క్రోమ్ అన్నట్టే. గోధుమ రంగు ఉంటే బెరడు తోలు కావచ్చు. తర్వాత ఒక నీటి చుక్క వేయండి. పైన కోటింగ్ లేని బెరడు తోలు చుక్కను పీల్చుకుని నల్లబడుతుంది. నేను టెస్ట్ చేసింది 1.2 నుంచి 1.5 మి.మీ. మందం ఉన్న బెరడు తోలు మీద. కింద ఇచ్చిన రేటింగ్స్ అన్నీ దానికే వర్తిస్తాయి.

1. హాక్సా బ్లేడు కత్తి: 4.5/5

పాత ఇనుప సామాన్ల అంగడిలో మెషీన్‌కి వాడే వెడల్పాటి హాక్సా బ్లేడు ముక్క దొరికింది. ఒక చివర ఏటవాలుగా గ్రైండ్ చేసి, సానరాయి మీద పదును పెట్టి, పట్టుకునే చోట సైకిల్ ట్యూబు రబ్బరు చుట్టా. ఇక్కడో జాగ్రత్త. చేత్తో వాడే బ్లేడుల్లో చాలావరకు బై మెటల్ రకం. అందులో పళ్ల దగ్గరే గట్టి స్టీలు ఉంటుంది, వెనకంతా వంగే స్టీలు. దాన్ని ఎంత సాన పట్టినా పదును నిలవదు. మొత్తం హైస్పీడ్ స్టీల్‌తో చేసిన బ్లేడే కావాలి. బ్లేడు మీద ఆ సంగతి రాసి ఉంటుంది.

హైస్పీడ్ స్టీల్ గ్రైండింగ్ వేడికి అంత తేలిగ్గా మెత్తబడదు. మామూలు కార్బన్ స్టీల్ అయితే నీలం రంగుకు తిరిగిందంటే ఆ చోట గట్టిదనం పోయినట్టే. అందుకే దాన్ని మాటిమాటికీ నీళ్లలో ముంచుతూ ఉండాలి. కళ్లద్దాలు లేకుండా గ్రైండర్ దగ్గరికి వెళ్లొద్దు. బ్లేడు విరిగితే ముక్కలు బుల్లెట్‌లా ఎగురుతాయి.

2. దబ్బనం ఆరె: 5/5

ఈ కిట్‌లో హీరో ఇదే. వేరుశనగ మూటలు కుట్టే ఊళ్లలో దబ్బనం లేని ఇల్లు అరుదు. చెప్పులు కుట్టేవాళ్లు బెజ్జం పొడిచే ఆరెను దీంతోనే చేశా. దబ్బనాన్ని పొట్టిగా విరిచి, ఎండిన వేప కొమ్మ పిడిలో దిగ్గొట్టి, మొనను సానరాయి మీద నాలుగు పలకలుగా, డైమండ్ ఆకారంలో రుద్దా. గుండ్రటి మొన తోలును పక్కకు నెడుతుంది. పలకల మొన కోస్తుంది. బెజ్జం సన్నగా పడి దారం చుట్టూ మళ్లీ మూసుకుంటుంది. సైకిల్ స్పోక్‌తో కూడా ఒకటి చేశా కానీ మొన త్వరగా మొద్దుబారింది. దబ్బనమే బెస్ట్.

3. ఫోర్క్‌తో కుట్టు గుర్తులు: 2/5

వీడియోల్లో బాగా పాపులర్ అయిన ట్రిక్ ఇది. ఫోర్క్ వంపును సరిచేసి, పళ్లను ఆకురాయితో పదును చేసి, తోలు మీద కొడితే సమాన దూరంలో గుర్తులు పడాలి. నా దగ్గరున్న ఫోర్క్‌లో పళ్ల మధ్య దూరం 6 మి.మీ. వచ్చింది. ఫోన్ స్లీవ్‌కి 4 మి.మీ. ఉంటే బాగుంటుంది. పైగా నాలుగు పళ్లూ ఒకే వరుసలో నిలవవు. దీనికన్నా 4 మి.మీ. దూరంలో చుక్కలున్న గీతను కాగితం మీద ప్రింట్ తీసి, తోలు మీద అంటించి, ఆరెతో పొడవడం నయం. ఖర్చు ఒక కాగితం.

4. రేడియో యాంటెన్నా పంచ్: 2/5, కమ్మరి పంచ్: 4/5

పాత ఎఫ్‌ఎం రేడియో యాంటెన్నాలో ఒకదానిలోంచి ఒకటి జారే గొట్టాలు ఉంటాయి కదా, వాటిని ముక్కలుగా కోసి మూతి పదును చేస్తే రకరకాల సైజుల్లో గుండ్రటి పంచ్‌లు వస్తాయి. ఐడియా సూపర్. కానీ నా యాంటెన్నా ఇత్తడిది. ఇరవై చిల్లులకే మూతి ఒరిగింది. పల్చటి తోలుకు, ఒకటి రెండు వస్తువులకు ఓకే.

శాశ్వతంగా కావాలంటే పాత ఆకురాయిని కమ్మరికి ఇచ్చి పంచ్ చేయించుకోండి. ఆకురాయి మంచి కార్బన్ స్టీల్. ఎర్రగా కాల్చి నూనెలో ముంచితే బాగా గట్టిబడుతుంది, కానీ పెళుసుగా ఉంటుంది. మళ్లీ సన్నగా వేడి చేసి, పైన ఎండుగడ్డి రంగు రాగానే ఆపితే పెళుసుదనం తగ్గుతుంది. మామూలు మేకుకు ఈ ప్రాసెస్ పనిచేయదు, అందులో కార్బన్ తక్కువ. అయితే మేకు తలను ఆకురాయితో చెక్కి, తడిపిన తోలు మీద డిజైన్ ముద్రలు వేసుకోవచ్చు.

5. తాడిపత్రి బండ, చింత మొద్దు: 4.5/5

తోలు కింద ఏం పెడుతున్నామన్నది చాలామంది పట్టించుకోరు. అంచులు పల్చగా చెక్కడానికి, ముద్రలు వేయడానికి కింద నున్నటి, బరువైన రాయి ఉండాలి. ఇల్లు కట్టే చోట మిగిలిన తాడిపత్రి బండ ముక్క చాలు. కానీ పంచ్, ఆరె మాత్రం రాయి మీద వాడొద్దు, మూతి పాడైపోతుంది. వాటికి చింత మొద్దు. మాంసం కొట్టే అంగళ్లలో చింత మొద్దే ఎందుకు వాడతారు? గట్టిగా ఉంటుంది, దెబ్బలకు చీలదు. ఒక ముక్క అడ్డంగా కోయించుకుంటే చాలు. సుత్తి కూడా కొయ్యదే వాడండి. ఇనుప సుత్తి పంచ్ తలను పగలగొడుతుంది.

6. పట్టకర్ర: 4/5

కుట్టేటప్పుడు రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. రెండు చెక్క పలకలు, కింద ఒక తలుపు బందు, మధ్యలో ఒక బోల్టు, రెక్కల నట్టు. పలకల లోపలి వైపు తోలు ముక్కలు అంటించా, లేకపోతే పని మీద నొక్కులు పడతాయి. దీన్ని మోకాళ్ల మధ్య పెట్టుకుని కుట్టుకోవడమే.

7. అంచు నునుపు కర్ర, చింతగింజల జిగురు: 5/5

వేప కొమ్మ మీద సన్నటి గాడి చేసి, ఉప్పు కాగితంతో నున్నగా రుద్దా. జిగురు కోసం చింతగింజల పొడిని నీళ్లలో ఉడికించా. గొర్రె ఉన్ని కంబళ్లకు గంజి పెట్టేది దీనితోనే. అంచుకు కొంచెం రాసి కర్రతో గట్టిగా రుద్దితే, తడి, రాపిడి వేడి కలిసి పీచులు అణిగి అంచు గాజులా మెరుస్తుంది. క్రోమ్ తోలు మీద ఇది వర్కవుట్ కాదు, ముందే చెప్పా కదా.

డబ్బు పెట్టాల్సినవి

మూడే. మొన మొద్దుగా ఉండే రెండు సూదులు, మైనం పట్టించిన పాలిస్టర్ దారం, రక్షణ కళ్లద్దాలు. ఒకే దారానికి రెండు చివర్లా సూదులు ఎక్కించి, ప్రతి బెజ్జంలోంచి రెండింటినీ ఎదురెదురుగా దూర్చండి. మెషీన్ కుట్టులో ఒక చోట దారం తెగితే పక్క కుట్లు కూడా వదులై జారడం మొదలవుతుంది. ఈ చేతి కుట్టులో ఒకటి తెగినా మిగతావి పట్టుకునే ఉంటాయి.

ఫోన్ స్లీవ్ కొలతలు

ఫోన్ వెడల్పు, మందం కలపండి. దానికి రెండు వైపులా కుట్టు అంచు కలపండి. ఉదాహరణకు 75 మి.మీ. వెడల్పు, 8 మి.మీ. మందం, ఒక్కో వైపు 5 మి.మీ. అంచు అనుకుంటే ఒక్కో ముక్క 93 మి.మీ. మొదట్లో కాస్త బిగుతుగా ఉన్నా పర్లేదు, వాడేకొద్దీ తోలు సాగుతుంది.

మూతకు అయస్కాంతం పెట్టొద్దు. ఫోన్‌లోని కంపాస్ తప్పు దిక్కు చూపించొచ్చు. ఛార్జింగ్ పెట్టినప్పుడు, గేమ్ ఆడేటప్పుడు ఫోన్‌ను స్లీవ్‌లోంచి తీసేయండి. తోలు వేడిని బయటికి పోనివ్వదు, అసలే మా ఎండలు 40 డిగ్రీలు దాటుతాయి. ఈ పొడి గాలికి తోలు ఎండిపోతుంది కాబట్టి అప్పుడప్పుడూ తోలు కోసం అమ్మే కండిషనర్ పల్చగా రాయండి. ఇంట్లో ఉంది కదా అని వేరుశనగ నూనె మాత్రం వద్దు, కొన్నాళ్లకు ముక్కిపోయి కంపు కొడుతుంది.

ఫైనల్‌గా

తోలు కాకుండా మొత్తం కిట్‌కి నాకు అయింది రూ. 500 లోపే. కానీ డబ్బు మిగలడం కన్నా పెద్ద లాభం ఇంకోటి ఉంది. కిట్‌లో వచ్చిన ఆరె మొద్దుబారితే ఇంకోటి ఆర్డర్ పెడతాం. మనం చేసుకున్న ఆరె మొద్దుబారితే ఎందుకో తెలుస్తుంది, ఐదు నిమిషాల్లో సానరాయి మీద సరిచేస్తాం. ఫోన్లలో మనం అడుగుతున్న రిపేర్ హక్కు ఈ హాబీలో మొదటి రోజు నుంచే మన చేతిలో ఉంటుంది.

అన్నీ ఒకేసారి చేయాలనుకోవద్దు. ఈ ఆదివారం ఒక దబ్బనం, ఒక వేప కొమ్మ, ఒక సానరాయి తీసుకోండి. ఆరె తయారయ్యాక కేబుల్ పట్టీ ఒకటి కుట్టండి. ధర్మవరం వైపు వెళ్తే నిమ్మలకుంటలో ఆగి, ఒక లాంప్ షేడ్ కొనండి. ఇంటికొచ్చి లోపల ఎల్‌ఈడీ బల్బు పెట్టి వెలిగించి, ఒక్కో చిల్లు ఎంత శుభ్రంగా తెగిందో దగ్గర్నుంచి చూడండి. టూల్ తోలుకు సరిపోతే పని ఎలా ఉంటుందో అర్థమవుతుంది.