మీకు తెలుసా? ప్రసాదంలో సైనైడ్: ఏలూరు కేసు చెప్పే సంగతులు

◆ సీరియల్ కిల్లర్ అనగానే సినిమా మన బుర్రలో ఒక బొమ్మ గీసి పెట్టింది. ఒంటరివాడు, చీకటి గది, గోడ నిండా అంటించిన ఫొటోలు. 2019 నవంబరులో ఏలూరులో పోలీసులు అరెస్టు చేసిన వెల్లంకి సింహాద్రి అలియాస్ శివ ఆ బొమ్మకు ఏ కోశానా సరిపోడు. అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌గా చేశాడు. తర్వాత రియల్ ఎస్టేట్‌లో దిగి చేతులు కాల్చుకున్నాడు. 2018 ఫిబ్రవరి నుంచి 2019 అక్టోబరు దాకా, ఇరవై నెలల్లో పది మందికి సైనైడ్ పెట్టి చంపాడన్నది అతని మీద అభియోగం. అప్పటి పశ్చిమ గోదావరి ఎస్పీ నవదీప్ సింగ్ విలేకరులకు చెప్పిన మృతుల జాబితాలో నిందితుడి సొంత బంధువులున్నారు, ఒక స్వామీజీ కూడా ఉన్నారు. ఇక్కడ రాసేది పోలీసులు చెప్పిన కథనమే. నేరం తేల్చాల్సింది కోర్టు.

◆ ఎర ఏమిటో చూడండి. బియ్యాన్ని లాగేసే రైస్ పుల్లింగ్ నాణెం, రెండు తలల పాము, గుప్త నిధులు, రోగాలు నయం చేసే మందు. మనిషి ఆశను బట్టి సరుకు మారేది. డబ్బు, బంగారం పట్టుకుని రమ్మనడం, పూజ పేరు చెప్పి ప్రసాదమో ఆయుర్వేద మందో చేతిలో పెట్టడం మాత్రం మారలేదు. ప్రసాదం ఇస్తే వాసన చూసి, అనుమానించి తినేవాడు మన వైపు ఎవడున్నాడు? రెండు చేతులూ చాచి కళ్లకద్దుకుని నోట్లో వేసుకుంటాం. నిందితుడికి బాధితుల మనసు అంతగా తెలుసు. ఇంకో మాట. నిధి కోసం వెళ్లేవాడు ఆ సంగతి పెళ్లానికి కూడా చెప్పడు. చెబితే నిధి దక్కదంటారు, పైగా పోలీసుల భయం. కాబట్టి చనిపోయాక వీళ్లు ఎక్కడికి వెళ్లారో, ఎవరిని కలిశారో చెప్పగలిగేవాళ్లు ఇంట్లో ఉండరు. రైస్ పుల్లింగ్ అనేది ఒట్టి మోసమని పోలీసులు ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నారు. అయినా ఆ వ్యాపారం ఆగలేదు.

◆ సైనైడ్ ఒంట్లోకి వెళ్తే రక్తంలో ప్రాణవాయువు ఉంటుంది గాని, కణాలు దాన్ని వాడుకోలేవు. గాలి పీలుస్తూనే మనిషి లోపల ఊపిరాడక పోతాడు. మోతాదు ఎక్కువైతే నిమిషాల పని. పైనుంచి చూసేవాళ్లకు గుండెపోటులాగే అనిపించొచ్చు. చేదు బాదం వాసన వస్తుందని పుస్తకాల్లో రాస్తారు గాని, ఆ వాసన పసిగట్టలేని ముక్కులు కొందరికి పుట్టుకతోనే ఉంటాయి. శవం మీద మామూలు నీలి మచ్చలకు బదులు ఎర్రటి మచ్చలు కనబడొచ్చు. అయితే అది గమనించాలంటే ఎవరో ఒకరు అనుమానంతో చూడాలి. నికెల్ పూత పనుల్లోకి వెళ్లే సరుకు నుంచే ఇక్కడ సైనైడ్ చేతులు మారిందని పోలీసులు విజయవాడకు చెందిన మరో వ్యక్తినీ అరెస్టు చేశారు.

◆ క్రిమినల్ ప్రొఫైలింగ్ అంటే నేరం జరిగిన చోటును, గాయాలను, బాధితుల ఎంపికను చూసి నేరస్థుడు ఎలాంటి మనిషో ఊహించడం. అమెరికాలో ఎఫ్‌బీఐ 1972లో క్వాంటికోలో ఇందుకోసం ఒక విభాగమే పెట్టింది. ఆ విభాగం అధికారులు రాబర్ట్ రెస్లర్, జాన్ డగ్లస్ 1970ల చివర్లో జైళ్లకు వెళ్లి 36 మంది హంతకులను కూర్చోబెట్టి మాట్లాడారు. నర్సింగ్ ప్రొఫెసర్ ఆన్ బర్జెస్ ఆ మాటలను ఒక పద్ధతిలో పెట్టారు. మంచి పనే. కానీ వాళ్లకు ముందు ఒక హత్య కావాలి. ఇది హత్య అని ఎవరో గుర్తించి ఉండాలి. ఏలూరులో కత్తి లేదు, నెత్తురు లేదు, గాయం లేదు. చాలా చావులను ఇంట్లోవాళ్లు గుండెపోటు అనుకుని దహనం చేసేశారు. నేరమే కనబడనప్పుడు నేరస్థుడి మనసును ఎక్కడి నుంచి చదవాలి?

◆ మరి ఎలా దొరికాడు? 2019 అక్టోబరు 16న ఏలూరులో ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు చనిపోయారు. ఇంటి నుంచి డబ్బు, బంగారం తీసుకుని బయల్దేరిన మనిషి ఆయన. శవం దగ్గర అవి లేవు. కుటుంబానికి అక్కడ తేడా కొట్టింది, ఫిర్యాదు చేశారు. పోలీసులు ఆయన ఫోన్ కాల్ వివరాలు తీస్తే ఒక నంబరు తేలింది. ఆ నంబరు వెంట పోతే పాత చావులు ఒక్కొక్కటే బయటపడ్డాయి. మనస్తత్వ శాస్త్రం కాదు, మాయమైన నగలూ ఫోన్ బిల్లులాంటి ఒక కాగితమూ చేసిన పని ఇది.

◆ ప్రొఫైలింగ్ చరిత్రలో అందరూ చెప్పుకునే కథకూ ఇదే గతి. న్యూయార్క్‌లో 1940 నుంచి బాంబులు పెడుతున్న వ్యక్తి గురించి 1956లో మానసిక వైద్యుడు జేమ్స్ బ్రసెల్, అతను దొరికేసరికి డబుల్ బ్రెస్ట్ కోటు వేసుకుని బొత్తాలు పెట్టుకుని ఉంటాడని చెప్పారట. 1957 జనవరిలో జార్జ్ మెటెస్కీని పట్టుకెళ్లేటప్పుడు అతను అదే కోటు తొడుక్కున్నాడు. ప్రపంచం ముక్కున వేలేసుకుంది. కాని అతని పేరు బయటికి తీసింది ఆలిస్ కెల్లీ. కరెంటు కంపెనీలో గుమాస్తా. పాత నష్టపరిహారం ఫైళ్లు తిరగేస్తుంటే బెదిరింపు లేఖల్లోని మాటలే ఒక ఉత్తరంలో ఆమెకు కనబడ్డాయి. ఆ కోటు గుర్తున్నంత మందికి ఆమె పేరు గుర్తులేదు.

◆ బ్రిటన్‌లో 1995లో గ్యారీ కాప్సన్ అనే పోలీసు అధికారి 184 కేసులు పరిశీలిస్తే, ప్రొఫైలర్ సలహా వల్ల నేరస్థుడు తేలిన కేసులు మూడు శాతం లోపే.

◆ ఇంతకీ ఎంత మందిని చంపితే సీరియల్ కిల్లర్? పాత లెక్క మూడు. 2005లో ఎఫ్‌బీఐ పిలిచిన నిపుణుల సమావేశం దాన్ని రెండుకు దించింది: వేర్వేరు సందర్భాల్లో ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువ మంది. కారణం కామమే కానక్కర్లేదు, డబ్బు కోసమైనా లెక్కలోకే వస్తుందని కూడా వాళ్లు తేల్చారు. ఏలూరు కేసు ఆ డబ్బు కోవలోది.

◆ ఇప్పుడు ఒక పటం తీసుకోండి. మానసిక శాస్త్రవేత్త డేవిడ్ కాంటర్ చెప్పిన చిన్న కిటుకు ఉంది. నేరాలు జరిగిన వాటిలో ఒకదానికొకటి బాగా దూరంగా ఉన్న రెండు చోట్లను కలిపి వలయం గీస్తే, చాలాసార్లు నేరస్థుడి ఇల్లు ఆ వలయంలోనే ఉంటుంది. ఈ కేసులో పడమర నూజివీడు, ఆగిరిపల్లి. తూర్పున భీమడోలు, తాడేపల్లిగూడెం దాటి పోతే రాజమహేంద్రవరం. నడుమ ఏలూరు. నిందితుడి కాపురం అక్కడే. వలయం పనిచేసినట్టే ఉంది గాని, అన్నిచోట్లా పనిచేస్తుందనుకోకండి. ఎక్కడో కాపురముండి ఇంకెక్కడికో వెళ్లి చంపి వచ్చేవాళ్లూ ఉంటారు. పైగా మనది కొల్లేటి సీమ. పటం మీద పక్కపక్కనే కనబడే లంక గ్రామాలకు గట్ల మీదుగా చుట్టు తిరిగి పోవాలి, వరదొస్తే ఏలూరు–కైకలూరు రోడ్డే మునుగుతుంది. ఇక్కడ దూరం కొలవాల్సింది దారిని బట్టి, స్కేలుతో కాదు.

◆ ఆ పది చావులూ మూడు జిల్లాల్లో పడ్డాయి. అప్పట్లో నూజివీడు, ఆగిరిపల్లి కృష్ణా జిల్లా. ఏలూరు పశ్చిమ గోదావరి. రాజమహేంద్రవరం తూర్పు గోదావరి. ఒక స్టేషన్‌కు తెలిసింది పక్క జిల్లా స్టేషన్‌కు తెలియకపోవడం వల్ల వరస హత్యలు విడివిడి హత్యలుగా మిగిలిపోతాయని అమెరికన్ పరిశోధకుడు స్టీవెన్ ఎగ్గర్ 1984లోనే ఎత్తిచూపారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాక నూజివీడు, ఆగిరిపల్లి ఏలూరు జిల్లాలోకి వచ్చాయి. కొత్త గీతల అవతల కూడా మనుషులు చనిపోతూనే ఉంటారు కాబట్టి సమస్య పూర్తిగా తీరలేదు.

◆ హత్యలు మామూలు చావుల్లో కలిసిపోవడం ఇక్కడి సంగతే కాదు. ఇంగ్లండ్‌లో హెరాల్డ్ షిప్‌మన్ అనే ఊరి డాక్టరు సుమారు 215 మంది రోగులను చంపాడని విచారణ సంఘం తేల్చింది. మరణ ధ్రువపత్రం రాసేది ఆయనే, రోగులు ఎక్కువగా ముసలివాళ్లు. ఎవరికీ అనుమానం రాలేదు. 1998 మార్చిలో పక్క క్లినిక్ డాక్టరు లిండా రెనాల్డ్స్, ఈయన రోగుల దహనం పత్రాలు మరీ ఎక్కువగా వస్తున్నాయని ఫిర్యాదు చేస్తే పోలీసులు పైపైన చూసి వదిలేశారు. చివరకు దొరికింది ఒక ముసలావిడ పేరుతో ఫోర్జరీ చేసిన వీలునామా వల్ల. దాన్ని పసిగట్టింది లాయరైన ఆవిడ కూతురు.

◆ మన ఏలూరే ఈ పట్టనితనానికి ఇంకో పక్క కూడా చూపించింది. 2020 డిసెంబరులో ఊళ్లో జనం ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోయారు. ఆసుపత్రికి చేరినవాళ్లు 600 మందికి పైనే. రోజుల్లో ఎయిమ్స్ సహా జాతీయ సంస్థలు రక్తం, నీళ్లు పరీక్షించాయి, రక్తంలో సీసం, నికెల్ కనబడ్డాయి. ఒకేసారి వందల మంది పడిపోతే దేశమంతా చూస్తుంది. ఒక్కొక్కరుగా పోతే మైలపట్టి దినం పెట్టేసి ఊరుకుంటాం.

◆ ఏలూరుతో ఆగలేదు. 2023 డిసెంబరులో నాగర్‌కర్నూల్ పోలీసులు గుప్త నిధుల పేరుతో 11 మందిని చంపాడంటూ ఒకరిని అరెస్టు చేశారు. 2024 సెప్టెంబరులో తెనాలిలో పానీయాల్లో సైనైడ్ కలిపారన్న ఆరోపణపై ముగ్గురు మహిళలు అరెస్టయ్యారు. పరిచయం పెంచుకోవడం, నమ్మించడం, బంగారం. ఈ మూడూ కలిసిన చోట సినిమా హంతకుడి కోసం వెతకడం దండగ.

◆ నార్కో పరీక్ష చేస్తే ఇలాంటి నిందితుల బుర్రలో ఏముందో తెలిసిపోదా అని అడుగుతుంటారు. 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు, మనిషి ఒప్పుకోకుండా నార్కో, పాలీగ్రాఫ్, బ్రెయిన్ మ్యాపింగ్ చేయకూడదని చెప్పింది.

◆ అందుకే ఒక విన్నపం. ఆరోగ్యంగా తిరిగే మనిషి డబ్బో నగలో పట్టుకుని ఒంటరిగా బయటికి వెళ్లి హఠాత్తుగా పోతే, బంధువులు తొందరపెట్టినా సరే, చితి పేర్చకముందే 112కి ఫోన్ చేయండి. అనుమానాస్పద మరణాన్ని విచారించడానికి పోలీసులకు కొత్త చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్)లో 194వ సెక్షన్ ఉంది, పోస్టుమార్టం చేయించమని అడగండి. పోయిన మనిషి ఫోన్ మాత్రం పోలీసులకు తప్ప ఎవరికీ ఇవ్వకండి, అందులోది చెరపనివ్వకండి.